నాలుగు బోల్టుల అద్దం

కారులో హీటర్ వేసినప్పుడల్లా కాళ్ళ దగ్గర ఇప్పటికీ గాజు రాలుతోంది. కొన్ని బియ్యపు గింజంత, కొన్ని శనగబద్దంత. ముందు అద్దం మీదికి వేడిగాలి కొట్టడానికి డాష్‌బోర్డు పైన సన్నటి చీలికలుంటాయి కదా, అద్దం పగిలిన రోజున వాటిలోంచి జారి లోపలి గొట్టాల్లో చేరిపోయాయి. ఎనిమిది నెలలైంది. మూడుసార్లు వాక్యూమ్ పెట్టాను. అయినా చలిగా ఉన్న రోజు ఒకటో రెండో వచ్చి నా బూటు పక్కన పడుతుంటాయి.

వాటిని చూస్తే ఇంగ్లండులో నేనుండే ఊళ్ళోని నా పాత కార్ల మిత్రుడితో పెట్టుకున్న వాదం గుర్తొస్తుంది. ఆయనకి డెబ్బై దాటాయి, పాత స్పోర్ట్స్ కార్ల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. పాత కారుకి పాత రకం అద్దమే ఉండాలంటాడు ఆయన. అద్దం ఏదైనా ఫరవాలేదు, దాన్ని విప్పి మళ్ళీ బిగించే దారి మాత్రం ఎవరూ మూసెయ్యకూడదంటాను నేను. ఈ రెండూ ఒకటేనని మొదట్లో నేనూ అనుకున్నాను. ఆ నాలుగు బోల్టుల దాకా వెళ్ళాక గానీ తేడా తెలియలేదు.

ముందు కారు సంగతి. అది 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. రెండు సీట్లు, పైన గుడ్డ టాపు. ఎంజీ అంటే ఇంటి దగ్గర చుట్టాలందరికీ హెక్టరే గుర్తొస్తుంది, 2019 నుంచి మన రోడ్ల మీద తిరుగుతోంది కాబట్టి. ఎనిమిది మూలల బ్యాడ్జి మాత్రం రెంటికీ ఒకటే. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గ్యారేజెస్ అనే షాపు నుంచి పుట్టిన ఆ పేరు చేతులు మారీ మారీ ఇప్పుడు చైనా కంపెనీ సాయిక్ దగ్గరుంది. నా బండి ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉన్న అబింగ్డన్‌లో తయారైంది. అక్కడ 1962 నుంచి 1980 దాకా రోడ్‌స్టర్లూ, గట్టి టాపున్న జీటీలూ కలిపి ఐదు లక్షలకు పైగా చేశారు. అందులో ఎక్కువ వంతు ఓడలెక్కి అమెరికా పోయాయి.

మనకి దీంతో ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకోటుంది. అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ని తెచ్చుకుని కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు చేసిన బండి అది. ఏళ్ళ తరబడి అంబాసిడర్‌లో నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, నా ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజనూ ఒక్క వంశానివే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బీ-సిరీస్ అంటారు. మా నాన్నగారు విజయవాడలో అంబాసిడర్ టాక్సీ తిప్పారు. కోవెంట్రీలో ఈ కారు కొనడానికి వెళ్ళి మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు, తెలియని వాళ్ళ ఇంట్లోకి అడుగుపెడితే లోపల మేనమామ కూర్చుని ఉన్నట్టు అనిపించింది. బేరం కూడా సరిగ్గా ఆడలేకపోయాను.

ఇక పగిలిన రోజు. సెప్టెంబరు మధ్యాహ్నం, బాన్‌బరీ నుంచి సౌతమ్ మీదుగా కోవెంట్రీ వచ్చే రోడ్డు. టాపు తీసేసి ఉంది. యాభై మైళ్ళ స్పీడు. ఎదురుగా వచ్చిన ట్రక్కు చక్రం కింద నుంచి ఏదో లేచింది. 'టక్' అని చిన్న చప్పుడు, అంతే. రోడ్డు మాయమైంది. నా ముందు తెల్లటి గోడ. పగులు ఇటు నుంచి అటు పాకడం నేను చూళ్ళేదు, ఒక్క క్షణంలో అద్దమంతా గడ్డకట్టిన మంచులా అయిపోయింది. టాపు లేదు కాబట్టి తల పక్కకి పెట్టి, ఎడమ గట్టు చూసుకుంటూ ఆపగలిగాను. వెనక వస్తున్నావిడ హారన్ కూడా కొట్టలేదు. ఆమెకీ అర్థమై ఉంటుంది. ఆగాక డోర్ తీసి దిగుతుంటే, ఆ కుదుపుకే సగం అద్దం ఒళ్ళో రాలింది.

అలా ఎందుకు పగిలిందో చెప్పాలి, వాదమంతా దాని మీదే ఉంది. పాత బ్రిటిష్ కార్లకి ఈ దేశంలో మామూలుగా వేసిన ముందు అద్దం టఫెన్డ్ గాజు. ఒకే పలక. దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేలా కాల్చి, రెండు వైపులా చల్లటి గాలి కొట్టి ఉన్నపళంగా చల్లారుస్తారు. పైపొర ముందే బిగుసుకుపోతుంది. లోపలి గాజు నిదానంగా చల్లారుతూ కుంచించుకుపోదామని లాగుతుంది గానీ పైపొర కదలనివ్వదు. ఆ పెనుగులాట అద్దం బతికినంత కాలం లోపల అలాగే ఉండిపోతుంది. మామూలు దెబ్బలకి చలించదు, ఒంచినా కాస్త ఓర్చుకుంటుంది. కానీ మొన తేలిన రాయి ఆ పైపొర దాటి లోపలికి దిగిందంటే, దాచుకున్న బలమంతా ఒకేసారి బయటికొచ్చి పలక మొత్తం గింజలు గింజలైపోతుంది. ముక్కలు కోసుకోవు, అదొక్కటే దాని పుణ్యం. పక్క అద్దాలకీ వెనక అద్దానికీ ఇప్పటికీ ఎక్కువగా అదే వాడతారు. కళ్ళ ముందు మాత్రం అది ఉండకూడదు. ఆ రోజుల్లో ఈ బాధ తెలిసే, స్టీరింగ్ ఎదురుగా ఉన్న మేర ముక్కలు కాస్త పెద్దవిగా పగిలేలా ఒక రకం అద్దాలు చేశారు. ఎంతో కొంత దారి కనిపిస్తుందని.

మర్నాడు సాయంత్రమే మిత్రుడు వచ్చాడు. వ్యాన్ వెనక దుప్పటిలో చుట్టిన అద్దం. తన షెడ్డులో పాతికేళ్ళుగా దాచినదట. మూలన ట్రిప్లెక్స్ ముద్ర, కింద టఫెన్డ్ అని రాత, అక్షరాల దగ్గర చిన్న చిన్న చుక్కలు. ఆ చుక్కల లెక్కని బట్టి ఏ ఏడు చేసిందో చెప్పొచ్చు. ఆయన కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టి, నా కారుదీ దీనిదీ ఒకటే ఏడు అన్నాడు. డబ్బులొద్దు, తీసుకో అన్నాడు. ఊరికే ఇస్తానన్నవాణ్ణి కాదనడం ఎంత కష్టమో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నేను వద్దన్నాను. లామినేటెడ్ వేస్తానన్నాను, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఆయన ముఖం చూడాలి ఆ క్షణంలో, గుళ్ళో మూలవిరాట్టుకి ప్లాస్టిక్ పూలదండ వేస్తానన్నట్టు చూశాడు.

ఆయన వాదన తీసిపారెయ్యదగింది కాదు. ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు దాని ముఖానికి ఉన్నది ఆ రకం గాజు. యాభై ఏళ్ళు బాగానే ఉంది. ఒక్కొక్కటే 'మంచిదే కదా' అని మారుస్తూ పోతే చివరికి మిగిలేది పాత రూపమున్న కొత్త కారు. ఇది నిజం. అలాంటి కార్లు నేనూ చూశాను. కంప్యూటర్ ఇంజన్, కొత్త గేర్‌బాక్సు, తోలు సీట్లు పెట్టుకుని, పైన మాత్రం అరవైల నాటి రంగు పులుముకుని తిరుగుతుంటాయి. వాటిని చూస్తే నాకూ ఏదోలా ఉంటుంది.

కానీ ఆ ముద్రలోనే ఒక తమాషా ఉంది. ట్రిప్లెక్స్ అంటే మూడు పొరలది అని అర్థం. ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి కెమిస్టు రెండు గాజు పలకల మధ్య సెల్యులాయిడ్ పొర పెట్టి అతికించే పద్ధతికి 1909లో పేటెంటు తీసుకున్నాడు. పగిలినా ముక్కలు ఆ పొరకి అంటుకునే ఉంటాయి. ఇంగ్లండులో ట్రిప్లెక్స్ కంపెనీ 1912లో పుట్టిందే ఆ మూడు పొరల గాజు చెయ్యడానికి. సెల్యులాయిడ్ ఎండకి పసుపెక్కేది, తర్వాత దాని స్థానంలో పాడవని ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. అంటే నా మిత్రుడు దుప్పట్లో చుట్టి తెచ్చిన ఒంటిపొర అద్దం మీద మూడు పొరల పేరు రాసి ఉంది. కంపెనీ మొదట దేనికోసం పుట్టిందో అది నేను వేస్తానంటుంటే, కంపెనీ పేరు మీద ఆయన నన్ను వద్దంటున్నాడు. ఈ మాట అన్నాను. నవ్వాడు, ఒప్పుకోలేదు.

అమెరికా సంగతి కూడా ఎత్తాను. అక్కడ కారు ముందు అద్దం లామినేటెడ్‌గానే ఉండాలి. అబింగ్డన్‌లో అదే షెడ్డులో, అదే మనుషుల చేతుల మీదుగా అమెరికాకి వెళ్ళిన బండ్లకి ఆ అద్దమే వేశారు. ఎంజీబీల్లో ఎక్కువ వంతు అక్కడికే వెళ్ళాయి కాబట్టి, లెక్క ప్రకారం చూస్తే లామినేటెడే ఎక్కువ 'అసలు'. అక్కడి రూలు కోసమే 1969 నుంచి ఆ బండ్లకి రెండు వైపర్లకి బదులు మూడు పెట్టారు. ఇంత చిన్న అద్దానికి మూడు వైపర్లు చూస్తే కాస్త నవ్వొస్తుంది గానీ, అవీ ఫ్యాక్టరీలో పెట్టినవే. ఆయన కారు సంగతి చూడండి. సీటు బెల్టులు కొత్తవి, బ్రేకు గొట్టాలు కొత్తవి, టైర్లు ఎప్పటికప్పుడు కొత్తవి. అక్కడ రాని అసలుతనం అద్దం దగ్గరే ఎందుకొస్తుంది? అద్దం మీద ముద్ర ఉంటుంది, బ్రేకు గొట్టం మీద ఉండదు, అంతకు మించి కారణం నాకు కనబడదు.

ఇంకో సంగతి. నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని కార్లకి ఇక్కడ బండి రోడ్డు మీదికి పనికొస్తుందో లేదో చూడ్డానికి ఏటా జరిగే ఎంవోటీ పరీక్ష 2018 మే నుంచి తప్పనిసరి కాదు. మామూలు కారైతే, స్టీరింగ్ ఎదురుగా ఉన్న 290 మిల్లీమీటర్ల పట్టీలో పది మిల్లీమీటర్లు దాటిన దెబ్బ ఉన్నా ఫెయిల్. నా కారుకి ఆ అడిగేవాడు లేడు. అడిగేవాడు లేనప్పుడు మన బుద్ధే మనల్ని అడగాలి. తెల్లటి గోడ వెనక కూర్చుని వచ్చినవాణ్ణి నేను. మళ్ళీ డబ్బులిచ్చి అదే గోడ కొనుక్కోమంటే ఎలా?

అద్దం ధర నేను కొన్నప్పుడు వంద పౌన్లకి అటూ ఇటూ. బాధంతా పనిలో ఉంది.

నాకు తెలిసిన పని వేరు. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి బండికి ముందు అద్దం వెయ్యడం చూశాను. రబ్బరు బీడింగ్‌ని అద్దం చుట్టూ తొడిగి, దాని గాడిలో పురికొస చుట్టి, రెండు చివర్లూ బండి లోపల వదిలేవారు. బయట నుంచి ఒకాయన అరచేత్తో అద్దాన్ని మెల్లగా కొడుతుంటే లోపల ఒకాయన పురికొస లాగుతూ వచ్చేవాడు. లాగిన మేరకి రబ్బరు పెదవి ఇనుప అంచు మీదికి ఎక్కి కూర్చునేది. సబ్బునీళ్ళ మగ్గు పట్టుకోవడం నా డ్యూటీ. పావుగంటలో అయిపోయేది. ఎంజీబీల్లో గట్టి టాపున్న జీటీకి ఈ పద్ధతే. నాకూ అదే ఉంటుందనుకుని పురికొస కూడా తెచ్చిపెట్టుకున్నాను.

రోడ్‌స్టర్ కథ వేరు. పైన కప్పు లేదు కాబట్టి అద్దం తన కాళ్ళ మీద తనే నిలబడాలి. అల్యూమినియం ఫ్రేము, రెండు పక్కలా రెండు నిలువు కమ్మీలు, పైనొకటి కిందొకటి అడ్డకమ్మీలు. మధ్యలో సన్నటి చువ్వ, దానికే లోపలి మిర్రర్. నిలువు కమ్మీల కాళ్ళు బండి ఒంట్లోకి దిగి, ఒక్కోటీ రెండు బోల్టులతో ఆగుతాయి. మొత్తం నాలుగే బోల్టులు. అవి ఉండేది డాష్ వెనక, రెండు చివర్లా, మనిషి మోచెయ్యి తిరగని చోట. వాటి కోసం డాష్‌ని వదులు చేసి ముందుకి లాగాలి. మీటర్లు ఊడదియ్యాలి, తీగలకి చీటీలు కట్టాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇంటికొచ్చి అద్దాలు వేసే ఒక కంపెనీ కుర్రాణ్ణి ముందు పిలిచాను. డాష్ కింద టార్చి వేసి చూసి, లేచి నిలబడి, చేతులు దులుపుకుని, ఇది మా లిస్టులో లేదు సార్ అన్నాడు. తప్పుపట్టను. వాళ్ళకి గంట పనికి కట్టిన రేటుతో ఈ పని కాదు.

రెండు శనివారాలు నా తల క్లచ్ పెడల్ దగ్గర, కాళ్ళు సీటు మీద. నాలుగు బోల్టులూ వచ్చాయి. నిజం చెప్పాలంటే యాభై ఏళ్ళ బోల్టులు అంత మర్యాదగా వస్తాయనుకోలేదు. లోపల కమ్మీకీ ఒంటికీ మధ్య సన్నటి పలకలు పెట్టి ఉన్నాయి, ఎడమ పక్క రెండు, కుడి పక్క ఒకటి. ఎవరో అబింగ్డన్‌లో ఆ ఒక్క బండిని చూసి, కన్నుతో కొలిచి, సందు సరిపోయేలా పెట్టినవి. ఏ పక్కవి ఆ పక్కన సీసాలో వేసుకున్నాను.

బోల్టులన్నీ తీశాక ఫ్రేము పైకి రావాలి. రాలేదు. ఊపాను, లాగాను, కింద చెక్క పెట్టి ఎత్తాను. చివరికి టార్చి పెట్టి చూస్తే అడుగున, ఫ్రేముకీ బండికీ మధ్య ఉండే రబ్బరు పట్టీ పొడుగునా నల్లటి సిలికాన్. నాకు ముందు ఈ కారు ఎవరి దగ్గరుందో ఆ మహానుభావుడు వాన కారుతోందని ట్యూబు మొత్తం పిండేశాడు. రబ్బరు, లోహం, పెయింటు అన్నీ ఒకే ముద్ద.

ఒక గిటారు తీగ కొని, రెండు చివర్లా చెక్కముక్కలు కట్టి, ఆ ముద్దని అంగుళం అంగుళం కోసుకుంటూ వచ్చాను. ఫ్రేము వచ్చింది, దాంతో పాటు జానెడు మేర పెయింటు కూడా. కోపం ఎంతొచ్చిందంటే, మిత్రుడికి ఫోన్ చేసి పావుగంట తిట్టాను. ఆయనది కాదు తప్పు, అయినా వినే మనిషి ఆయనే. అంతా విని, సిలికాన్ పెట్టని ఎంజీబీ ఉంటుందా, నాదానికీ ఉంది, లేకపోతే వానకి కాళ్ళు తడుస్తాయి అన్నాడు.

అప్పుడు పట్టుకున్నాను ఆయన్ని. చుక్కలు లెక్కపెట్టి అద్దం దాచే మనిషి, తన కారు అద్దాన్ని ఇంకెవరూ తియ్యకుండా జిగురు పెట్టేశాడు. ముద్ర ఉంది, చుక్కలున్నాయి, ఏడు కలిసింది. కానీ అబింగ్డన్ వాళ్ళు ఆ అద్దాన్ని అతికించలేదు, నాలుగు బోల్టుల మీద నిలబెట్టారు. తర్వాత ఎవరైనా పానా పట్టుకుని వస్తే తియ్యగలిగేలా ఉంచారు. నా లెక్కలో ఆ కారు పాతదనం అక్కడుంది. గాజు ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, రబ్బరు ఎండుతుంది, అవి మార్చుకోవాల్సిన సరుకే. జిగురు పెట్టినవాడు మాత్రం తన తర్వాత ఈ బండి దగ్గరికి ఎవరూ రారని తనే తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు నా చేతికొచ్చిన రోజున నాకు రెండు శనివారాలూ జానెడు పెయింటూ పోయాయి.

ఇదే తప్పు ఇంకో రూపంలో ఫ్రేము మూలల్లో ఎదురైంది. కమ్మీల్ని కలిపే స్క్రూలు ఉక్కువి, ఫ్రేము అల్యూమినియం. రెండు లోహాలు తాకి మధ్యలో నీళ్ళు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిలా ఉబ్బుతుంది. ఆ పొడే స్క్రూని సిమెంటులా పట్టేస్తుంది. నూనె పోసి రెండ్రోజులు ఆగాను, వేడి పెట్టాను, మళ్ళీ నూనె. రెండు స్క్రూల తలలు తెగాయి, డ్రిల్లు పెట్టి మళ్ళీ మర తియ్యాల్సొచ్చింది. కొత్తవి స్టెయిన్‌లెస్ వేస్తే చాలని కొందరంటారు. చాలదు, మధ్యలో స్క్రూ పట్టెయ్యకుండా ఉంచే పేస్టు పుయ్యకపోతే అవీ అదే పని చేస్తాయి. ఒక్కో స్క్రూకి మినపగింజంత పేస్టు. అంతే ఖర్చు. యాభై ఏళ్ళలో ఈ ఫ్రేము ఎవరు విప్పారో గానీ ఆ మినపగింజంత పేస్టుకి బద్ధకించారు.

ఇప్పుడు నా తప్పు. కొత్తగా కొన్న మొదటి అద్దం నేనే పగలగొట్టాను.

అద్దం అంచుకి కొత్త రబ్బరు తొడిగి, చుట్టూ నాలుగు కమ్మీలూ కూర్చి, మూలల్లో స్క్రూ రంధ్రాలు కలిసేదాకా బిగించాలి. రబ్బరు వెంట్రుకవాసి మందమైనా రంధ్రాలు కలవవు. నేను కొన్న రబ్బరు మందమైంది. సామాన్లు కట్టే బెల్టులుంటాయే, లివర్ కొడుతుంటే బిగుసుకునేవి, అవి రెండు ఫ్రేము చుట్టూ వేసి లాగడం మొదలుపెట్టాను. ఎడమ పక్క రంధ్రం కలిసేలా ఉంది కదా అని ఆ పక్కే ఇంకో రెండు పళ్ళు లాగాను. చిన్న 'టిక్'. గోరు విరిగినంత చప్పుడు. కింది మూల నుంచి ఒక గీత బయల్దేరి, తొందరేం లేదన్నట్టు అద్దం మధ్య దాకా నడిచింది. నేను బెల్టు వదిలేసినా అది ఆగలేదు.

మిత్రుడు మర్నాడు వచ్చి చూసి, టఫెన్డ్ అయితే తట్టుకునేది అన్నాడు. నిజమే. లామినేటెడ్‌లో ఉండే రెండు పలకలూ అలా కాల్చి బిగించినవి కావు, మామూలు గాజు. రాయికి రోడ్డు మీద నన్ను గుడ్డివాణ్ణి చెయ్యదు గానీ, బిగించేటప్పుడు మెలిపెడితే ఓర్చుకోదు. ఆయన అన్నదాంట్లో ఈ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. ఒకటి మాత్రం అన్నాను. పగిలింది గ్యారేజీలో, గంటకి సున్నా మైళ్ళ స్పీడులో. అంతెందుకు, పగిలిన ఆ అద్దంలోంచి ఎదురుగా ఉన్న ఆయన ముఖం నాకు స్పష్టంగా కనబడుతోంది.

రెండో అద్దానికి ఇంకో చోటి రబ్బరు తెప్పించాను, పల్చటిది. దాన్ని వేడి నీళ్ళలో నానబెట్టాను. సబ్బునీళ్ళు రాసి, బెల్టుల్ని ఈ పక్క ఒక పన్ను ఆ పక్క ఒక పన్ను చొప్పున లాగుతూ, మధ్యమధ్యలో లేచి టీ తాగుతూ, సాయంత్రానికి నాలుగు మూలలూ కలిపాను. ఆ పూటంతా ఇంట్లో ఎవర్నీ గ్యారేజీలోకి రానివ్వలేదు. తుమ్మినా పగులుతుందేమోనని టెన్షన్.

చివరి యుద్ధం కింది రబ్బరు పట్టీతో. అది ఫ్రేము అడుగు గాడిలో దూరి, బండి ఒంటి మీద ముందుకి పరుచుకుని కూర్చోవాలి. కానీ ఫ్రేము దించగానే దాని పెదవి లోపలికి ముడుచుకుంటుంది. సరిగ్గా పరిచినా స్ప్రింగులా ఫ్రేముని పైకి ఎత్తి పెడుతుంది, బోల్టు రంధ్రాలు అర అంగుళం దూరంలో ఉండిపోతాయి. మనుషులు పైనుంచి నొక్కితే గానీ కలవవు. ఎడమ పక్క మా ఆవిడ, కుడి పక్క పొరుగింటాయన, ఇద్దరూ పై కమ్మీ మీద దుప్పటి వేసుకుని అరచేతులు ఆన్చి సమంగా నొక్కారు. నేను డాష్ కింద, మొన సన్నగా ఉన్న ఇనుప కడ్డీని రంధ్రంలో దూర్చి కమ్మీ కాలిని దారికి తెస్తున్నాను.

"ఏమండీ, ఇంకెంతసేపు? నా చేతులు పోతున్నాయి."

"ఒక్క బోల్టు పడితే చాలు, వదలకు."

"అదే మాట అరగంట కిందట అన్నారు."

మొదటి బోల్టు మర పట్టినప్పుడు వేళ్ళకి తెలిసింది. మిగతా మూడూ దాని వెనకే వచ్చాయి. పలకలు పాత లెక్క ప్రకారమే పెట్టాను, ఎడమ రెండు, కుడి ఒకటి. డోర్ వేస్తే డోర్ ముందున్న చిన్న తిరుగుడు అద్దం కమ్మీ పక్కనే సన్నటి సందుతో ఆగింది. టాపు వేసి చూస్తే పైన కొక్కేలు పడ్డాయి. ఫ్రేము వాలు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఈ రెండూ కుదరవు. ఆ మూడు పలకలు పెట్టినవాడెవరో గానీ పనిమంతుడు.

ఇదంతా చదివి పాతవే గొప్ప అంటున్నానని అనుకోవద్దు. మా ఇంట్లో పిల్లలు ఎక్కే మామూలు కారుకి నిరుడు ముందు అద్దం పగిలితే, ఇంటి ముందుకొచ్చి వేసి వెళ్ళారు. పాతదాన్ని తీగతోనే కోశారు, నా గిటారు తీగకి తమ్ముడు లాంటిదే. జిగురు పూసి కొత్తది అతికించారు. ఆ జిగురు ఊరికే పెట్టింది కాదు. అతికించిన అద్దం బండి ఒంటికి బిగువు ఇస్తుంది, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దానికి ఆనుకుని నిలబడుతుంది. అక్కడ జిగురే ప్రాణం. తర్వాత అద్దం వెనకున్న కెమెరాకి మళ్ళీ లెక్కలు సరిచేయించాలన్నారు, దానికి వేరే బిల్లు. ఇవన్నీ కావాల్సినవే. ఆ కారులో అది లేకుండా నేను పిల్లల్ని కూర్చోబెట్టను. కానీ ఆ అద్దాన్ని ఆటోనగర్ పిల్లాడు సబ్బునీళ్ళ మగ్గు పట్టుకుని చూసి నేర్చుకోలేడు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. పోయింది ఇంకా మిగిలున్న బండి ఒకటి నా గ్యారేజీలో ఉంటే, దానికి కూడా జిగురు ఎందుకు పెట్టాలన్నదే నా గొడవ.

నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించాను. ఫోను అద్దం పొడుగునా తిప్పమన్నారు, మూలల దగ్గర ఆపమన్నారు.

"నీళ్ళు పోసి చూశావురా?"

"పోశాను నాన్నా. కుడి పక్క కింద నుంచి ఒక్కో చుక్క వస్తోంది."

"ఒక్క మూలేనా! మన బండికి రెండు మూలలా వచ్చేవి. ప్యాసింజర్ ఎక్కే ముందు గోనెసంచి తీసి డిక్కీలో దాచేవాణ్ణి."

ఆ చుక్క ఇంకా వస్తూనే ఉంది. సరిగ్గా క్లచ్ నొక్కే కాలి మీద. గ్యారేజీ అరలో సిలికాన్ ట్యూబు ఉంది, బాత్రూమ్ పని కోసం కొన్నది, సగం మిగిలింది. వాన గట్టిగా పడ్డ రోజున సాక్సు పిండుకుంటూ ఆ అర వైపు చూస్తాను, అబద్ధమాడను. ఇప్పటికైతే పెడల్ కింద పాత తువ్వాలు పరిచాను. మొన్న ఆరేద్దామని తీసి దులిపితే, అందులోంచి మూడు గాజు గింజలు రాలాయి.